నా మాత్రలు, నా లెక్క

11 ఫిబ్రవరి 2008, సోమవారం

టైర్ల అంగడాయన కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇన్ని దినాలూ సీటు కింద పడి ఉండె. ఈ పొద్దు తీసినా. ఎవురికీ చెప్పుకోలేనిది ఒకటి నెత్తిన పడింది, దీంట్లో రాసుకుంటా. మా ఇంటామె సుజాతకు చదువు రాదు, భయం లేదు.

చింతామణిలో రక్తం చూపించుకున్నా. పరగడుపున 246. డాక్టరమ్మ పేరు రంజిత. నా కూతురయ్యే వయసు. "మీకు సక్కరె కాయిలె ఉండాది చెన్నరాయప్ప గారూ" అని సగం కన్నడం, సగం తెలుగులో చెప్పింది. నాకు నలభై ఏడేండ్లు. బాగేపల్లి నుంచి చేలూరు మీద చింతామణికి ఇరవై రెండేండ్లుగా బస్సు తోలతాండా. ఒక కోడిని గూడా తొక్కించలే. నాకు సక్కరె జబ్బంట.

రెండు రకాల మాత్రలు ఇచ్చింది. తెల్లగా పెద్దది, తిన్నాక రెండు పూటలా. ఇంకొకటి చిన్నది, దాంట్లో సగం, పొద్దున టిఫనుకు ముందర. "ఈ చిన్నది వేసుకొని తినకుండా ఉండకూడదు. చేతులు వణికితే, చెమట పడితే వెంటనే తీపి ఏదన్నా తిని, నాకు వచ్చి చెప్పాల. ఏం పని చేస్తారు మీరు?"

"సేద్యం" అన్నా.

ఏంటికి అట్ల అన్నానో నాకు తెలుసు. మునినారాయణ నా మాదిరే లక్ష్మణప్ప బస్సు తోలినోడు. వానికి సక్కరె ఉందని తెలిసిన వారానికి యజమాని స్టీరింగు ముందర నుంచి దింపేసినాడు. ఇప్పుడు బస్టాండులో నిలబడి "చింతామణి, చింతామణి" అని జనాన్ని పిలుస్తాండాడు. నేను పిలవను. నేను తోలతా.

18 ఫిబ్రవరి

ఆరూ పదికి మొదటి ట్రిప్పు. చిన్న మాత్ర సగం వేసుకొని, టిఫను లేకుండానే పోయినా. ఆ పొద్దుకు పొయ్యి మీద ఏముంటుంది? చేలూరు వచ్చేసరికి చేతులు స్టీరింగు మీద తాళం వేస్తాండాయి. చొక్కా తడిసిపాయ. రెండు అరటిపండ్లు మింగినాక కుదుటపడింది.

"చలికాలం ఇంత చెమట ఏందప్పా?" అన్నాడు ఆంజనేయప్ప. నా కండక్టరు. పద్దెనిమిదేండ్లుగా నా వెనకాల విజిలు కొట్టేది ఆయనే.

"ఇంజను వేడి" అన్నా.

19 ఫిబ్రవరి

ఇట్ల చేస్తా. బస్సు ఉండే దినం చిన్న మాత్ర వేసుకోను. రజా దినం వేసుకుంటా. పెద్దది కడుపులో తిప్పుతుంది, కాబట్టి రాత్రికి ఒకటే. డాక్టరమ్మకు బండి సంగతి తెలీదు, నాకు తెలుసు. ఎంత యాక్సిలేటరు ఇయ్యాలో తోలేవాడు చెప్పాల గానీ కుర్చీలో కూర్చున్నోళ్ళు కాదు.

2 మార్చి, ఆదివారం

రజా. సగం వేసుకున్నా. బాగుంది. చూసినావా.

9 మార్చి

ఈ ఆదివారం మరిచిపోయినా. పరవాలేదు.

15 మార్చి

బాగేపల్లి నుంచి చింతామణికి పోయేలోపల మూడు తూర్లు బస్సు ఆపి చెట్ల చాటుకు పోవాల్సి వచ్చింది. వెనక సీట్లో మగపిల్లోళ్ళు నవ్వినారు. ఎండలు ముదురుతాండాయి, నీళ్ళు ఎక్కువ తాగతాండా, అంతే. అరికాళ్ళు మండతాండాయి. క్లచ్చు గట్టిగా ఉండాది, అంతే.

22 మార్చి, శనివారం

లక్ష్మణప్ప బస్టాండుకే వచ్చి చెప్పినాడు. డ్రైవర్లందరూ ఉగాది లోపల కంటి పరీక్ష, సక్కరె పరీక్ష చేయించుకొని కాగితం తేవాల. వేరే ఊర్లో ఎవరిదో బస్సులో డ్రైవరు తోలతా తోలతా పడిపోయినాడంట. "కాగితం లేనోనికి బీగం లేదు" అన్నాడు, బస్సు తాళంచెవి ఊపి చూపిస్తా. అంటా అంటా నన్నే చూసినాడా? అందరినీ చూసినాడు. నన్ను కొంచెం ఎక్కువ చూసినాడు.

చూడనీ. తెస్తా కాగితం.

28 మార్చి

రాత్రికి అన్నం మానేసినా. ఒక రాగి ముద్దలో సగం. చిన్న మాత్ర, సగం కాదు, నిండుది. పొద్దునా రాత్రీ.

30 మార్చి

రెండేసి.

1 ఏప్రిల్, మంగళవారం

88!

నిన్న రాత్రి రెండు, ఈ తెల్లవారుజామున రెండు. తొమ్మిదిన్నరకు చింతామణి ల్యాబులో రక్తం ఇచ్చినా. ఆ పిల్లోడు కాగితం చేతికిచ్చి "నార్మల్ సార్" అన్నాడు. మునినారాయణకు చేతగానిది నేను చేసినా. 246 యాడ, 88 యాడ! యాభై దినాలుగా అందరూ నన్ను భయపెట్టిన భూతాన్ని నాలుగు దినాల్లో మెడ వంచినా. డాక్టరమ్మకు చూపించాలని ఉండాది గానీ, సేద్యగాడినని చెప్పినా కదా.

లక్ష్మణప్ప కాగితం చూసి తల ఊపి బీగం ఇచ్చినాడు. పదీ నలభై ట్రిప్పు. ఇప్పుడు పదిన్నర. పొద్దున నుంచి ఏమీ తినలే, కాలు గాల్లో తేలతాండాది, సంతోషానికే అనుకుంటా. ముందర వేరే బస్సు నిలబడి ఉండాది, వాని కంటే ముందు పోవాల. చేలూర్లో తింటా.

3 ఏప్రిల్

నాకు గుర్తుండేది ఇంతే. రోడ్డు రెండుగా కనిపించింది. రెండిట్లో ఏది నిజమో తేల్చుకుందామని చూస్తాండా. ఆంజనేయప్ప విజిలు యాడో దూరంగా వినిపించింది.

తర్వాత దున్నిన చేలో కూర్చోని ఉండా. నోట్లో ఎవురో పోసిన తియ్యని కలర్ సోడా. చొక్కా అంతా సోడా.

మిగిలింది ఆంజనేయప్ప చెప్పినాడు. రెండు స్టాపుల్లో బస్సు ఆపలేదంట. పిలిస్తే నవ్వినానంట. మాట ముద్దగా వచ్చిందంట. బస్సు మెల్లగా రోడ్డు దిగి చేలోకి పోయి గెనిమె గట్టుకు గుద్దుకొని ఆగిపోయింది. మెల్లగా పోయింది కాబట్టి బతికినాము. ముందు సీట్లో కనకాంబరాల బుట్టతో చౌడమ్మ కూర్చోని ఉండె. చింతామణిలో పూలు కొని దినామూ చేలూరుకు పోయే మనిషే. ఇనుప కమ్మీకి గుద్దుకొని కుడిచెయ్యి విరిగింది.

జనం ఒకటే మాట అన్నారంట. "తాగినాడు."

నేను పుట్టినాక ఒక చుక్క తాగలే.

4 ఏప్రిల్

ఒకటి రాయలే. ఆ దినం సోడా తాగినాక అంతా సరిపోయింది అనుకొని ఇంటికి వస్తినా, సాయంత్రం మళ్ళా అదే వణుకు. వంటింట్లోకి పోయి డబ్బాలో చక్కెర పిడికిలి నిండా తీసి నోట్లో పోసుకున్నా. మళ్ళా ఇంకో పిడికిలి. తిరిగి చూస్తే సుజాత గడపలో నిలబడి ఉండాది.

"ఏమయ్యా అది?"

"ఆకలి."

ఆమె నేల మీద పడిన చక్కెర ఊడ్చింది.

5 ఏప్రిల్, శనివారం

లక్ష్మణప్ప చింతామణిలో ఇంటికి పిలిపించినాడు. వసారాలో కూర్చోబెట్టినాడు.

"నిజం చెప్పు చెన్నరాయప్పా. తాగినావా?"

నేను నేల చూసినా. ఆయనే మళ్ళా అన్నాడు. "రిపోర్టు బాగుండాది, జబ్బు ఏమీ లేదు. ఇంక తాగుడే కదా. తప్పు చేసినావు. మగోడివి, ఏదో ఒకనాడు జారినావు. రెండు నెలలు ఇంట్లో ఉండు. దేవుని ముందర ఇంక ముట్టనని ప్రమాణం చేయి. మళ్ళా బీగం ఇస్తా."

అప్పుడు నాకు తెలిసింది. తాగినోనికి రెండు నెలలు. సక్కరె ఉండేవానికి జన్మంతా.

"తాగినా అప్పా. ప్రమాణం చేస్తా" అన్నా.

వాళ్ళకు కావాల్సింది తాగుబోతే కదా. తీసుకోనీ. స్టీరింగు నాది.

7 ఏప్రిల్, ఉగాది

సుజాతకు ఎవురో చెప్పినారు, యజమాని ముందర ఒప్పుకున్నానని. బెల్లం ఓళిగ చేసి ఆకులో పెట్టి వెళ్ళిపోయింది. మాట్లాడలే.

మాట్లాడకపోతే నాకేం. తిన్నా. నాలుగు తిన్నా.

12 ఏప్రిల్

ఆంజనేయప్ప ఇంటికొచ్చినాడు. ఆయన భుజం మీద ఎప్పుడూ ఉండే తోలు సంచి లేదు. సంచి లేకుండా ఆ మనిషిని నేను చూడనే లేదు, ఒకపక్క ఒంగినట్ల కనిపించినాడు.

యజమాని ఆయనను తీసేసినాడంట. డ్రైవరు తాగి ఉంటే కండక్టరుకు తెలీకుండా ఎట్ల ఉంటుంది, తెలిసీ విజిలు కొట్టినావు, నీకు మాత్రం క్షమాపణ లేదు అన్నాడంట.

"పద్దెనిమిదేండ్లు నీ వెనకాల నిలబడినా" అన్నాడు ఆంజనేయప్ప. "నీ దగ్గర బీడీ వాసన గూడా లేదు. నువ్వు తాగలే. ఏమైందో నాకు చెప్పప్పా. నాకు ఒక్కనికి చెప్పు చాలు."

"తాగినా" అన్నా.

"యాడ? ఎప్పుడు? పొద్దున నుంచి నీతోనే ఉండా కదా."

"నీకు తెలీకుండా."

ఆయన సుజాత ఇచ్చిన కాఫీ తాగకుండానే లేచిపోయినాడు.

13 ఏప్రిల్

నేను తీసేయమన్నానా? యజమాని తీసేసినాడు. నాకేం సంబంధం.

14 ఏప్రిల్

నాకేం సంబంధం.

16 ఏప్రిల్

మాత్రలన్నీ మానేసినా. పెద్దదీ, చిన్నదీ. నన్ను చేలోకి తోసింది ఆ మాత్రలే. సక్కరె నన్ను ఏమీ చేయలే, మందు చేసింది. ఇంక నా ఒళ్ళు, నేను.

24 ఏప్రిల్

పేపర్లో అక్షరాలు అలుక్కుపోయినట్ల ఉండాయి. ఇది రాసేటప్పుడు గూడా గీత మీద రాస్తాండానో లేదో.

25 ఏప్రిల్, శుక్రవారం

సుజాతకు చదువు రాదు గానీ లెక్క వస్తుంది. బీరువా వెనకాల దాచిన మాత్రల అట్టలు తీసి నా ముందర పెట్టింది. ఒక అట్టలో సగం సగం చించి ఉండాయి. ఇంకొక అట్టలో వరసగా పన్నెండు గూళ్ళు ఖాళీ.

"మా నాయన గూడా ఇవే మింగేవాడు" అన్నాది. "వణుకొస్తే చక్కెర పిడికిలితోనే తినేవాడు. ఆ దినమే నాకు అనుమానం. నువ్వు తాగినా అని చెప్పినావు చూడు, అందుకే ఇన్ని దినాలు నోరు కట్టుకున్నా. భార్య తాగుబోతునైనా నమ్ముతుంది గానీ జబ్బును నమ్మదనుకున్నావా?"

నేను గట్టిగా అరిచినా. ఏమని అరిచినానో రాయను. ఆమె అరవలే. చీర మార్చుకొని వచ్చి "లే, చింతామణికి పోదాం" అన్నాది. వేరే వాని బస్సులో, టికెట్టు తీసుకొని, కిటికీ పక్కన కూర్చోని పోయినా.

డాక్టరమ్మకు 88 కాగితం చూపించినా. అప్పుడు గూడా నాకు కొంచెం గర్వమే. ఆమె చూసి, పక్కన పెట్టి, వేరే రక్తం తీసి బెంగళూరుకు పంపించింది. మూడు నెలల సక్కరె అంతా దాంట్లో తెలుస్తుందంట. అక్కడే వేలు పొడిచి చూస్తే 341.

"మీరు సేద్యం అన్నారు కదా..." అని ఏదో మొదలుపెట్టింది.

"బస్సు డ్రైవరు" అన్నాది సుజాత.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నేను తిడుతుందనుకున్నా. తిట్టలే. అంతా అడిగింది. ఏ దినం ఎన్ని, ఎప్పుడు తిన్నా, ఎప్పుడు తినలే. అన్నీ చెప్పినా. చేలోకి పోయింది గూడా.

"చిన్న మాత్ర మీరు తిన్నారా లేదా అని చూడదు" అన్నాది. "సక్కరెను దించమంటే దించుతూనే ఉంటుంది. ఒక దినం దాటినా దాని పని అయిపోదు. అందుకే సాయంత్రం మళ్ళా వణికినారు. ఆ రోజు ఆస్పత్రిలో ఉండాల్సింది. డ్రైవరని ముందే తెలిసింటే నేను ఆ మాత్రే రాయను. మీరు నాకు అబద్ధం చెప్పినారు, నేను ఆ అబద్ధానికి మందు రాసినా."

88 కాగితం మడిచి జోబీలో పెట్టుకున్నా.

2 మే

బెంగళూరు కాగితం వచ్చింది. 11.2. ఏడు దగ్గర ఉండాలంట. 88ని చూసి మోసపోయింది యజమాని ఒక్కడే కాదు.

చిన్న మాత్ర తీసేసింది. పెద్దది ఒక్కటే, అన్నంతో పాటు, తక్కువతో మొదలు. రెండు వారాలకొకసారి చూసి పెంచుతుందంట. "మీరు పెంచకూడదు, మీరు తగ్గించకూడదు. ఏమన్నా అయితే నాకు చెప్పాల. పెంచేది తగ్గించేది ఇద్దరం కలిసి చేస్తాం" అన్నాది.

4 మే, ఆదివారం

గూళూరుకు పోయినా. చౌడమ్మ చెయ్యి విరిగినప్పటి నుంచి కొడుకు ఇంట్లో ఉండాది. అరుగు మీద కూర్చోని ఎడమచేత్తో పూలు కట్టను చూస్తాండాది, దారం జారిపోతాండాది. కట్టు మాసిపోయి ఉండాది.

అంతా చెప్పినా. తాగలేదనీ, సక్కరె అనీ, కాగితం కోసం మాత్రలు ఎక్కువ మింగినాననీ. చెప్పేస్తే ఆయమ్మ "పోనీలే నాయనా" అంటుందనుకున్నా. నిజం రాస్తాండా, అనుకున్నా.

చౌడమ్మ దారం కింద పెట్టింది.

"తాగినోడివైతే తిట్టి ఊరకుండేదాన్ని. తాగినోనికి ఒంటి మీద తెలివుండదు. నువ్వు తెలివుండగా మింగినావు. తెలివుండగా ఎక్కినావు. వెనకాల మేమంతా కూర్చోని ఉండామని తెలుసు కదప్పా నీకు?"

"తెలుసమ్మా."

"అయితే పో. నాకు చెప్పి ఏం లాభం? ఆ విజిలాయన నా చెయ్యి పట్టుకొని ఆస్పత్రి దాకా ఏడ్చుకుంటా వచ్చినాడు. ఆయన కొలువు పోయిందంట. పోయి వాళ్ళకు చెప్పు."

నీళ్ళు గూడా ఇయ్యలే. ఇయ్యకపోవడమే న్యాయం.

6 మే, మంగళవారం

లక్ష్మణప్ప ఇంటికి పోలే. బస్టాండుకే పోయినా, ఆయన లెక్కలు చూసుకునే పొద్దుకు. డ్రైవర్లు, కండక్టర్లు, టీ అంగడి జనం, మునినారాయణ, అందరూ ఉండారు. ఆంజనేయప్ప లేడు.

"అప్పా, నేను తాగలే" అన్నా గట్టిగా. "ఆ దినమే కాదు, ఎప్పుడూ తాగలే. నాకు సక్కరె ఉండాది. మీ కాగితం కోసం మాత్రలు పూటకు నాలుగింతలు మింగినా. తినకుండా బస్సెక్కినా. ఆంజనేయప్పకు ఏమీ తెలీదు. ఆయనకు గూడా అబద్ధమే చెప్పినా."

టీ అంగడి జనం గ్లాసులు పట్టుకొనే దగ్గరికి వచ్చినారు.

లక్ష్మణప్ప మొగం ఎర్రగా అయింది. "దేవుని ముందర ప్రమాణం చేయమంటే చేస్తానంటివి కదరా!"

"చేసేవాడినే. చేలోకి పోయిందాని కంటే అదే పెద్ద తప్పు అయ్యుండేది."

"నీకు ఇంక బస్సు లేదు."

"నాకు ఇయ్యొద్దండి. ఆయనకు సంచి ఇయ్యండి. ఈ పొద్దే ఇయ్యండి. ఇచ్చేదాకా నేను ఈడనే కూర్చుంటా, వచ్చే పోయే జనానికంతా ఇదే మాట చెప్తా."

కూర్చున్నా. ఎండలో, బస్సు ముందరే. పన్నెండుకు డబ్బీ తీసి, సుజాత కట్టిచ్చిన ముద్ద తిన్నా, మాత్ర వేసుకున్నా. రెండున్నరకు లక్ష్మణప్ప ఎవరినో పంపి ఆంజనేయప్పను పిలిపించినాడు.

ఆంజనేయప్ప సంచి భుజానికి వేసుకొని నా పక్కనుంచే పోయినాడు. నా మొగం చూడలే. నాకు దుఃఖం వచ్చింది. చూడకపోయినా సంచి వేసుకున్నాడు కదా.

16 మే

పరగడుపున 231. మాత్ర పెంచింది.

19 మే

కడుపు చెడింది. పొద్దున నుంచి ఐదు తూర్లు. పాత చెన్నరాయప్ప అయితే ఈపాటికి అట్ట గోడ అవతలికి విసిరేసుండు. ఫోను చేసినా. "అన్నం మధ్యలో వేసుకోండి, వారంలో సర్దుకుంటుంది" అన్నాది.

30 మే

198. కడుపు సర్దుకుంది. ఎన్నికల్లో జనమంతా బస్సుల మీద తిరిగినారు, నేను కాళ్ళ మీద తిరిగినా. పొద్దున్నే నాలుగు మైళ్ళు. అరికాళ్ళ మంట తగ్గలే. తగ్గకపోతే మంటతోనే నడుస్తా.

13 జూన్

171. మళ్ళా పెంచింది.

ఈ పొద్దు మునినారాయణ దారిలో నిలబెట్టినాడు. అటూ ఇటూ చూసి "ఏ డాక్టరమ్మప్పా?" అని అడిగినాడు. తీసుకుపోతా అన్నా. ఇంకో ఇద్దరు డ్రైవర్లు ఉండారంట, పేర్లు చెప్పొద్దన్నాడు. "పేర్లు నాకెందుకు, మనుషులను రమ్మను" అన్నా.

27 జూన్

144. ఇంక దిగడంలేదు. వేరే రకం చిన్న మాత్ర, అన్నిటికంటే తక్కువది, టిఫనుతోనే వేసుకోవాల అన్నాది. ఆ మాట వింటూనే కుర్చీ వెనక్కి జరుపుకున్నా. "భయమా?" అన్నాది. "నాకా?" అన్నా. తర్వాత "అవునమ్మా" అన్నా.

ఇంట్లో వేలు పొడుచుకొని చూసుకునే మిషను కొన్నా. తినే ముందర, తిన్నాక, నడిచినాక, అన్నీ రాస్తాండా. సుజాత అంకెలు నేర్చుకుంది. నా కంటే ముందర ఆమే చదివేస్తుంది.

11 జూలై

126. ఒక్క తూరి గూడా 80 కిందికి దిగలే.

1 ఆగస్టు, శుక్రవారం

మూడు నెలల పరీక్ష. 7.3.

డాక్టరమ్మ ఉత్తరం రాసిచ్చింది. వరసగా ఇన్ని దినాలు తక్కువ సక్కరె కాలేదు, ఈ ఈ నియమాలతో తోలచ్చు అని. నేను ఉత్తరమూ, నా అంకెల పుస్తకమూ రెండూ తీసుకొని లక్ష్మణప్ప వసారాలో పెట్టినా. మంచి అంకెలే కాదు, 231 గూడా దాంట్లోనే ఉండాది.

ఆయన ఒక్కొక్క పేజీ తిప్పినాడు. ఆంజనేయప్పను పిలిచి అడిగినాడు. "నువ్వు చెప్పు. ఈయన వెనకాల నిలబడతావా?"

ఆంజనేయప్ప మే నెల నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలే. "ప్రతి ట్రిప్పుకు ముందర మిషను నాకు చూపించాల" అన్నాడు. "తక్కువుంటే బీగం నా సంచిలో ఉంటుంది. ఎదురు మాట్లాడకూడదు."

"మాట్లాడతా" అన్నా. "బీగం మాత్రం ఇస్తా."

ఆయన మూతి బిగించుకున్నాడు. నవ్వాపుకుంటే ఆ మనిషి అట్లే బిగిస్తాడు.

4 ఆగస్టు, సోమవారం

పదీ నలభై ట్రిప్పు. చింతామణి బస్టాండు. మిషన్లో 112, ఆంజనేయప్పకు చూపించినా. బస్సు నిండింది. ఇంజను ఆపి, డబ్బీ మూత తీసినా. రెండు దోసెలు, చట్నీ.

"ఏయ్ డ్రైవరూ, టైమయింది, బండి తియ్యి!" వెనకాల నుంచి అరిచినారు.

"తింటాండా."

"దారిలో తినొచ్చు కదప్పా!"

"తినను. నాకు సక్కరె ఉండాది. మాత్ర వేసుకున్నా. తిననిదే బస్సు పోదు."

బస్సంతా విన్నారు. పక్కనుండే బస్సువాడు హారను కొట్టి "రండి, రండి, వెంటనే పోతుంది" అని పిలిచినాడు. జనం దబదబా దిగిపోయినారు. ఒకాయన దిగతా దిగతా "కాయిలె మనిషి బస్సు ఎవడెక్కుతాడు" అన్నాడు. ఆ బస్సు దుమ్ము లేపుకుంటా ముందర పోయింది. నేను రెండో దోసె తుంచినా. నిమ్మళంగా నమిలినా. చెయ్యి కడుక్కున్నా.

వెనక్కి తిరిగి చూస్తే పదకొండు మంది కూర్చోనుండారు.

ఆంజనేయప్ప విజిలు కొట్టినాడు. ఆ పదకొండు మందితో బయలుదేరినా.